మూసిన ముక్క

1982 సెప్టెంబర్ 14, మంగళవారం

రేపు రూడీ వస్తాడు. దేవుడా, రాకుండా ఉంటే బావుండును.

బ్రేక్ రూమ్‌లో పొద్దుటి నుంచీ అదే గోల. పేకాటలో తెలివి ఉన్నవాణ్ణి, తెలివి ఉందన్న కారణంతో బయటికి నెట్టే హక్కు క్యాసినోకు లేదని న్యూజెర్సీ పెద్ద కోర్టు వేసవికి ముందే తేల్చింది. అది అమల్లోకి వచ్చేది రేపు. ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గరే ఆపేసిన లెక్కగాళ్ళంతా రేపు దర్జాగా లోపలికొస్తారు. లెక్కగాళ్ళంటే, వెళ్ళిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకుని, మిగిలినవాటిలో పెద్ద ముక్కలు ఎక్కువున్నాయని తెలిశాక పందెం పెంచేవాళ్ళు. మోసం కాదు. తలకాయ ఉండటం, అంతే.

మా సీ క్రౌన్ క్యాసినో నుంచి మొట్టమొదట గెంటేయించుకున్న ఆ పొడుగాటి పోలిష్‌వాడు వస్తాడా రాడా, పందెమేసుకుందామా అంది నా పక్క టేబుల్ మీద పంచే నోరీన్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పొడుగాటివాడు, అదే రూడీ, ఒకప్పుడు నా మొగుడని అక్కడ ఎవరికీ తెలియదు. విడాకుల తర్వాత మళ్ళీ మా నాన్న ఇంటిపేరుకు మారిపోయాను. ముక్కలు పంచే డీలర్ లైసెన్స్ ఇచ్చేటప్పుడు రాష్ట్రం క్యాసినో కమిషన్‌వాళ్ళు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. క్యాసినో అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ మధ్యే రీనో నుంచి వచ్చిన ఆటల మేనేజర్ క్రెబ్స్ మాత్రం నవ్వలేదు. నెవాడాలో ఈ దరిద్రం లేదు, అక్కడ మా ఇల్లు మా ఇష్టం, ఎవణ్ణి పొమ్మంటే వాడు పోవాల్సిందే అన్నాడు. అరిచి చెప్పలేదు. అరిచినా బావుండేది.

సెప్టెంబర్ 15, బుధవారం

వచ్చాడు. నేను కొనిపెట్టిన టై కట్టుకుని మరీ వచ్చాడు, సిగ్గులేనివాడు.

అవతలి వరసలో కూర్చున్నాడు. వాడి వెనక క్రెబ్స్, క్రెబ్స్ వెనక ఇద్దరు సెక్యూరిటీ. నిన్నటిదాకా అయితే భుజం మీద చెయ్యేసి లేపేసేవాళ్ళు. ఇవాళ ముగ్గురూ గుడ్లప్పగించి నిలబడ్డారు. కాఫీ కావాలా సార్ అని కూడా అడిగారట. రెండు చెంచాల చక్కెర, కొంచెం చిరునవ్వు అన్నాడట మావాడు. నోరీన్ పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది.

వెళ్ళేటప్పుడు నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. నేను గబుక్కున పైకప్పు వైపు చూశాను. అది ఇంకా పెద్ద తప్పు. కెమెరాలన్నీ అక్కడే.

సెప్టెంబర్ 17

నా టేబుల్‌కు రాలేదు. బతికాను.

సెప్టెంబర్ 20, సోమవారం

వెధవ! వెధవన్నర వెధవ! సరాసరి వచ్చి నా టేబుల్ దగ్గరే కూర్చున్నాడు. బాగున్నారా మేడమ్, ఎక్కడో చూసినట్టుందే అన్నాడు. పక్కనున్న ముసలాయన వీడేదో నాకు లైనేస్తున్నాడనుకుని కన్ను గీటాడు.

పంచక ఏం చేస్తాను. పంచాను. పెద్ద పందెం వేసిన ప్రతిసారీ గెలవలేదు గానీ గెలిచినప్పుడల్లా పెద్దదే గెలిచాడు. తల ఎత్తకపోయినా క్రెబ్స్ నా భుజం దగ్గర నిలబడ్డాడని తెలిసింది. ఆయన సెంటు వాసన ముందు వస్తుంది. మూడేళ్ళలో ఎప్పుడూ ముక్క జార్చలేదు. ఇవాళ ఒకటి చేతిలోంచి జారి అంచు మీద పడితే, టేబుళ్ళు కనిపెట్టుకుని తిరిగే ఫ్లోర్‌మన్‌ను పిలవాల్సి వచ్చింది.

ఆట అయ్యాక రూడీ హాల్లోనే ఉన్న కమిషన్ బూత్‌కు వెళ్ళాడు. అక్కడ మిసెస్ గ్యాస్కిన్స్ కూర్చుంటుంది. క్యాసినో మనిషి కాదు, రాష్ట్రం పెట్టిన ఇన్‌స్పెక్టర్. ఆటగాడికైనా డీలర్‌కైనా అన్యాయం జరిగితే చెప్పుకోవాల్సింది ఆవిడకే. ఏం చెప్పుకున్నాడో గానీ ఆవిడ నవ్వుతోంది.

సెప్టెంబర్ 21

రూడీకి ఫోన్ చేసి కడిగేశాను. నీకు బుద్ధుందా, ఊళ్ళో ఇన్ని టేబుళ్ళుండగా నాదే దొరికిందా అన్నాను. చట్టం మన వైపుంది లోరీ, నువ్వు పంచావు, నేను ఆడాను, ఇందులో నేరం ఎక్కడుంది చెప్పు అంటాడు. చట్టం నీ వైపుందిరా, నా వైపు ఎవరున్నారు అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాడికి ఎప్పుడూ ముక్కలే అర్థమవుతాయి.

ఇంతలో అమ్మ రిసీవర్ లాక్కుంది. ఒరేయ్, పెళ్ళాంగా ఉన్నప్పుడు దీన్ని ఎలాగూ సుఖపెట్టలేదు, ఇప్పుడు కూడు పెట్టే ఉద్యోగం కూడా ఊడగొడతావా, నీ లెక్కలు తగలెయ్య అని వీధి చివరి చర్చి దాకా వినపడేలా అరిచింది. వాడు అత్తయ్యా, మీ మీట్‌బాల్స్ రుచి ఇంకా నాలిక మీదే ఉంది అన్నాడట. అమ్మ ఫోన్ విసిరికొట్టి, కాసేపాగి, తిండిపోతు వెధవ అని నవ్వుకుంది.

నాకు నవ్వు రాలేదు. భార్య పంచుతుంటే భర్త గెలిచాడు. విడిపోయారంటే ఎవడు నమ్ముతాడు?

సెప్టెంబర్ 24, శుక్రవారం, సాయంత్రం

భయం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు.

షిఫ్ట్ దిగగానే క్రెబ్స్ పిలిపించాడు. పైఅంతస్తు గది. కిటికీలోంచి సముద్రపొడ్డున బోర్డ్‌వాక్ చెక్కబాట మీద పిల్లలు ఐస్‌క్రీమ్ తింటూ కనిపిస్తున్నారు. కూర్చో అమ్మా లొరైన్, డోనట్ తీసుకో అన్నాడు. మిసెస్ సోబ్చాక్ అని పిలవమంటావా అన్నాడు. అది నేను వదిలేసిన రూడీ ఇంటిపేరు. పై ప్రాణాలు పైనే పోయాయి.

తర్వాత అంతా మెల్లగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. తెలివిగలవాణ్ణి బయటికి పంపకూడదని కదా కోర్టు అంది. దొంగను పంపొద్దని అనలేదు కదా. కాబట్టి రూడీ దొంగ కావాలి. ఆయన కథ ఇదీ: నాకు తెరిచిన ముక్క ఆసు పడినప్పుడల్లా నేను పక్కనే బోర్లా ఉన్న నా మూసిన ముక్క మూల ఎత్తి చూసుకుని, అది పెద్దదైతే ఎడమ చేత్తో మెడ గోక్కుని రూడీకి సైగ చేశాను. నువ్వు భయపడి చేశావు, వాడు బెదిరించాడు, పాత మొగుడు కదా, ఆడదానివి ఏం చేస్తావు పాపం. అలా చెప్పు. వాడు జైలుకు పోతాడు, నిన్ను ఫ్లోర్ సూపర్‌వైజర్ని చేస్తాను.

అది అబద్ధం సార్ అన్నాను. నువ్వు మెడ గోక్కున్న టేపు నా దగ్గరుంది అన్నాడు. చెమట పట్టి గోక్కున్నాను. వెనక ఈయన నిలబడితే పట్టదా మరి!

నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను అన్నాడు. అప్పుడు నువ్వు బెదిరిపోయిన ఆడదానివి కాదు, వాటా తీసుకున్న దొంగవి. లైసెన్స్ పోతుంది. జైలు కూడా. కథ ఎటు తిరిగినా అదే లొరైన్, అందులో నువ్వు ఎక్కడ కూర్చుంటావన్నదే తేడా అన్నాడు. రీనోలో ఒకణ్ణి వెనక గదిలోకి తీసుకెళ్ళిన సంగతి కూడా చెప్పాడు. వాడి చేతివేళ్ళ గురించి ఏదో అనబోయి ఆగి, సరేలే, నువ్వు డోనట్ తినడం లేదేం అన్నాడు.

బుధవారం కమిషన్ ముందు చెప్పాలట.

సెప్టెంబర్ 25

అమ్మకు చెప్పేశాను. దాచలేను. వాడు తిండికి దండగే గానీ దొంగ కాదే అంది. తెలుసమ్మా అన్నాను. మరియ తల్లీ, నా పిల్లను కాపాడు అని పటం ముందు కూర్చుండిపోయింది. పొద్దున పెట్టిన సూప్ పొయ్యి మీదే చల్లారిపోయింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అబద్ధం చెబితే రూడీ పోతాడు. చెప్పకపోతే నేను పోతాను. ఈ ఊళ్ళో లైసెన్స్ లేని డీలర్ అంటే ఏమీ కాదు. ఇంటి అద్దె, అమ్మ మందులు, అన్నీ ఆ లైసెన్స్ మీదే. ఒక్కోసారి చెప్పేద్దామనిపిస్తోంది. రూడీ నాకేం ఒరగబెట్టాడని! ఇలా అనుకుంటున్నందుకు కూడా భయమేస్తోంది.

సెప్టెంబర్ 26, ఆదివారం, ఉదయం

నిద్ర లేదు. అమ్మ చర్చికి వెళ్ళాక వంటగది బల్ల మీద పేక పెట్టుకుని కూర్చున్నాను. చెప్పాల్సి వస్తే తడబడకుండా చెప్పాలి కదా, చేసి చూద్దామనుకున్నాను. నాకు రెండు ముక్కలు. ఒకటి తెరిచి, ఒకటి మూసి. తెరిచింది ఆసు. ఇప్పుడు మూసినదాని మూల ఎత్తి...

నా చెయ్యి పోలేదు.

మళ్ళీ ప్రయత్నించాను. వేళ్ళు ముక్క దాకా వెళ్ళి ఆగిపోతున్నాయి. భయం వల్లేమో అనుకున్నాను. భయం కాదు. ఈ పని నా చేతులు ఎప్పుడూ చేయలేదు! న్యూజెర్సీలో మేము చూడం. ఆసు పడినా, పది పడినా, ఆటగాళ్ళందరూ ఆడటం పూర్తయ్యేదాకా డీలర్ తన మూసిన ముక్కను చూడకూడదు. డీలర్ స్కూల్లో మా మాస్టారు ముక్క దగ్గరికి వేలు పోతే స్కేలుతో కొట్టేవాడు. చివర్లో అందరి ముందూ తిప్పడమే. అప్పటిదాకా అందులో ఏముందో దేవుడికి తెలియాలి.

నెవాడాలో చూస్తారు. ఆసు పడగానే మూల ఎత్తి చూసుకోవడం అక్కడి డీలర్లకు ఊపిరి పీల్చినంత అలవాటు. క్రెబ్స్ జీవితమంతా అక్కడే పంచాడు. నన్ను దొంగను చేసే కథ అల్లుతూ తానిప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో మర్చిపోయాడు!

పకపకా నవ్వాను, ఒక్కదాన్నే. తర్వాత ముందుకంటే ఎక్కువ భయమేసింది. ఈ మాట ఆయనకు ఎవరైనా అంటే? ఆయనే కెమెరా గదిలో కూర్చుని ఆటను సరిగ్గా చూస్తే? కథ మార్చేస్తాడు. ఇంకో కథలో తప్పు ఉండకపోవచ్చు.

సెప్టెంబర్ 27

క్రెబ్స్‌కు సరేనన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది, అదే మంచిదయింది. సార్, వాళ్ళ ముందు నా నోరు పెగలదు, మీరే మొదట అంతా చెప్పండి, నేను అవునంటాను అన్నాను. పిచ్చిపిల్లా, ఇంత భయమైతే ఎలా అని వీపు తట్టాడు. నేనే చెబుతాలే అన్నాడు.

ఇంటికొచ్చి బ్లౌజ్ సబ్బుతో రుద్ది రుద్ది ఉతికాను.

సెప్టెంబర్ 28

ఆయనకు ఇంకా గుర్తు రాకూడదు. మరియ తల్లీ, ఇంకొక్క రోజు.

సెప్టెంబర్ 29, బుధవారం

ముందు నుంచి రాస్తాను, లేకపోతే కలగాపులగం అయిపోతుంది.

కమిషన్ గదిలో నలుగురం. మిసెస్ గ్యాస్కిన్స్, క్యాసినో నేరాలు చూసే రాష్ట్రం పోలీసు ఒకడు, క్రెబ్స్, నేను. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. క్రెబ్స్ మొదలుపెట్టాడు. నా మీద ఎంత జాలి ఒలకబోశాడంటే, విషయం తెలియకపోతే నాకే కన్నీళ్ళొచ్చేవి. ఆసు పడినప్పుడల్లా ఈ అమ్మాయి మూసిన ముక్క చూసుకుని వాడికి సైగ చేసింది అన్నాడు.

మిసెస్ గ్యాస్కిన్స్ కళ్ళజోడు తీసి, ఎప్పుడు చూసుకుందన్నారు, మళ్ళీ చెప్పండి క్రెబ్స్ గారూ, నాకు కాస్త చెవుడు అంది. ఆవిడకు చెవుడేమిటి! హాలు ఆ చివర పందెం మీద గొడవైతే ఈ చివర వినే మనిషి. ఆయన సంతోషంగా మళ్ళీ చెప్పాడు. చెప్పడమే కాదు, బల్ల మీదున్న పేకలోంచి రెండు ముక్కలు తీసి, మూల ఎత్తి చూపించాడు. ఎంత అందంగా ఎత్తాడో! జన్మంతా చేసిన చెయ్యి.

పోలీసు రాసుకోవడం ఆపి ఆ చేతినే చూశాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. అమ్మా లొరైన్, ఆసు పడితే నువ్వు మూసిన ముక్క చూస్తావా అంది. ఇదే నేను ఎదురుచూసిన ప్రశ్న. క్రెబ్స్ నా వైపు చూస్తూ తల ఊపుతున్నాడు, చెప్పు చెప్పు అన్నట్టు. ఆయన రీనో కథ గుర్తొచ్చింది. నా వేళ్ళు చూసుకున్నాను.

లేదండీ అన్నాను. ఇక్కడ ఎవరం చూడం. చూస్తే ఫ్లోర్‌మన్ ఆ పూటే ఇంటికి పంపేస్తాడు. అందరూ ఆడటం అయ్యాకే తిప్పుతాం. అప్పుడు మొత్తం టేబులే చూస్తుంది, ఇక సైగ ఎవరికి చెయ్యను?

క్రెబ్స్ మొహం చూడాలి. చేతిలో ఆ ముక్క అలాగే ఉండిపోయింది. ఇంకోరకంగా చూసుంటుంది అన్నాడు. ముక్క జారినప్పుడు చూసిందేమో అన్నాడు. అయితే ఆమె చూస్తున్న టేపు వేయండి సార్, మెడ గోక్కున్నది కాదు, ముక్క చూస్తున్నది అన్నాడు పోలీసు.

అక్కడితో ఆగిపోవచ్చు. నేను ఆగలేదు. ఒకసారి నోరు తెరుచుకున్నాక మూతపడలేదు. ఇలా చెప్పమని ఆయనే చెప్పాడు, చెబితే సూపర్‌వైజర్, చెప్పకపోతే జైలన్నాడు, రూడీ తప్పల్లా బుర్ర ఉండటమే అన్నాను. మిసెస్ గ్యాస్కిన్స్ మంచినీళ్ళిచ్చింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాను.

అక్టోబర్ 1

క్రెబ్స్ లేడు. ఆరోగ్యం బాగాలేక రీనో వెళ్ళిపోయాడని నోటీసు బోర్డు మీద పెట్టారు. నా మీద కేసు లేదు. రూడీ మీద లేదు.

కానీ భోజనాల దగ్గర నా బల్ల ఖాళీ. నోరీన్ కూడా ట్రే పట్టుకుని ఇటొచ్చి, ఒక్క క్షణం ఆగి, అటెళ్ళిపోయింది. ఆమెను తిట్టుకోలేను. ఆమెకూ పిల్లలున్నారు.

అక్టోబర్ 14

రూడీ ఇంటికొచ్చాడు, పూలు తెచ్చాడు. అమ్మ పూలు తీసుకుని వాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టింది. నా కోసమా లోరీ, అంత పని చేశావు అన్నాడు. నీ మొహం కోసమా, నా లైసెన్స్ కోసం అన్నాను. వాడు తల దించుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి వాడికి ముక్కలు కాకుండా ఇంకేదో అర్థమైనట్టుంది.

ఇప్పుడు వాడు కూర్చుంటే చాలు, పందెం పెంచగానే ముక్కలు కలిపేయమని డీలర్లకు ఆర్డర్. కలిపేస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. బయటికి పంపకూడదు గానీ కలపొచ్చట, అది చట్టమే. వాడు వేరే క్యాసినోలకు తిరుగుతున్నాడు.

నాకు కొత్త అలవాటైంది. ఇంట్లో కూడా మెడ దురదపెడితే పైకప్పు చూసి ఆగిపోతున్నాను.

నవంబర్ 5, శుక్రవారం

తీసేశారు. కస్టమర్లతో నవ్వడం లేదట.

నవంబర్ 22

ఊళ్ళో తిరిగే చిన్న జిట్నీ బస్సు ఎక్కి బోర్డ్‌వాక్ పొడవునా అన్ని క్యాసినోలూ తిరిగాను. అందరికీ నా పేరు తెలుసు. ఖాళీ లేదమ్మా అంటారు, వెనక గోడ మీద డీలర్లు కావలెను అని అంత పెద్ద అక్షరాలుంటాయి. ఎవరూ కసరలేదు. ఒకాయన తలుపు కూడా తెరిచి పట్టుకున్నాడు.

రూడీని గడప దాటి రాకుండా ఆపే హక్కు వాళ్ళకు లేదని చెప్పడానికి అంతమంది జడ్జీలు కూర్చున్నారు. నన్ను గడప దాటించడానికి ఎవరూ కూర్చోలేదు. నిలబడే పంపేశారు.

మిసెస్ గ్యాస్కిన్స్‌ను కలిశాను. నీ లైసెన్స్‌కు ఏ మచ్చా లేదమ్మా, ఉద్యోగం ఇవ్వమని మాత్రం నేనెవర్నీ అడగలేను అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నాకే ఇబ్బందయింది.

డిసెంబర్ 8

అమ్మ మందుల షాపువాడు ఈసారి అరువు కుదరదన్నాడు. అమ్మ నాకు చెప్పలేదు, మాత్రలు సగం చేసుకుని వేసుకుంటోంది. ఈ ఉదయం చూశాను. మనిషికి ఇంత భయం ఉంటుందా అనిపించింది. క్రెబ్స్ గదిలో కూడా ఇలా లేదు.

మధ్యాహ్నం రూడీకి ఫోన్ చేశాను. పెళ్ళయిన కొత్తలో వాడు లెక్క నేర్చుకుంటుంటే ఎదురుగా కూర్చుని ముక్కలు తిప్పింది నేనే. వాడికంటే ముందు నాకే వచ్చేసింది, ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ పైకి అనుకోలేదు. వచ్చి కూర్చోరా, నాకు చెయ్యి తిరగాలి అన్నాను. లైసెన్స్ ఉన్నవాళ్ళు ఈ రాష్ట్రంలో పందెం వేయకూడదు కదే అన్నాడు.

తెలుసు అన్నాను.

డిసెంబర్ 10

లైసెన్స్ తిరిగి ఇచ్చేశాను. బాగా ఆలోచించుకున్నావా అంది మిసెస్ గ్యాస్కిన్స్. ఆలోచిస్తే ఇవ్వలేనండీ అన్నాను.

1983 జనవరి 17

సీ క్రౌన్‌లో కూర్చున్నాను. పందెం వేసే వైపు.

నోరీన్ పంచింది. పందెం పెంచాను. కలిపేయమన్నారు. కలిపింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. వెనక ఇద్దరొచ్చి నిలబడ్డారు, వాళ్ళ ఊపిరి మెడకు తగులుతోంది. లేవమని ఎవరూ అనలేదు. అనడానికి లేదు.

ఇంత భయం ఎప్పుడూ లేదు. లేవలేదు.